నాగమ్మ కొడవలి గాటు

మా నాగమ్మ పిన్ని తన ఇంటికి రెండొందల గజాల దూరంలో ఉన్న దిన్నెను చూడటానికి టిక్కెట్టు కొనుక్కుని రాజధాని నుంచి బస్సులో వచ్చింది. ఈ ముక్క ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్విన ప్రతివాళ్ల మీదా నాకు కోపం వస్తుంది. నేను తెనాలిలో బ్లౌజులు కుట్టుకుని బతికే మనిషిని. పేరు కరుణశ్రీ. నోరు మంచిది కాదని నలుగురూ అంటారు. అందుకే ఈ సంగతి నేనే రాస్తున్నాను. మర్యాదస్తులెవరైనా రాస్తే పిన్నిని దీనురాలిని చేసి, చివర్లో ఆవిడ కన్నీళ్లు తుడిచి వదిలేస్తారు.

మా ఊరు రాళ్లదిన్నె. రేపల్లె నుంచి నగరం అనే ఊరికి వెళ్లే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. గులకరాయి కూడా పుట్టని నల్లటి మాగాణి మధ్యలో ఇటుకలూ, చెక్కిన రాతి పలకలూ బయటపడే మట్టిగుట్ట ఉంది కాబట్టి ఊరికి ఆ పేరు. ఒకప్పుడు అదో పెద్ద పట్టణమట, బౌద్ధుల స్తూపం ఉండేదట. ఇప్పుడున్నది ఒక ఇనుప కంచె, ఒక నీలం బోర్డు, ఒక వాచ్‌మన్, గడ్డి కోసే ఆరుగురు ఆడకూలీలు. ఆ ఆరుగురిలో నాగమ్మ పిన్నే పాతది. నాకు రక్తసంబంధం లేదు. మా అమ్మా ఆవిడా మా పేట గుడిలో, అంటే చర్చిలో, ఒకే చాప మీద కూర్చునేవాళ్లు, అందుకని పిన్ని.

ఆవిడ భర్త జార్జి నిజాంపట్నం హార్బరులో ఐసు లారీ కింద పడి పోయేనాటికి ఆవిడకు ఇరవై ఎనిమిదేళ్లు, కూతురు క్రిస్టినాకు రెండేళ్లు. ఆ నెలలోనే దిన్నె మీద పనిలో చేరింది. 'తాత్కాలికం' అన్నారు. ఇప్పటికి ముప్ఫై ఏళ్లయింది, ఇంకా తాత్కాలికమే.

ఆ పని చూడటానికి తేలిక. గడ్డి పీకకూడదు, కొయ్యాలి. పీకితే వేరుతోపాటు ఇటుక కదులుతుంది. ఒక్క ఇటుక కదిలిందంటే వానాకాలం నీళ్లు ఆ సందులోకి దిగి పక్క వరసను కూడా లాక్కుపోతాయి. అందుకని గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో గడ్డి అడుగున తడుముతూ, వేళ్లకు ఇటుక అంచు తగిలాక అప్పుడు కొడవలి ఆడించాలి. ఇది పిన్నికి ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది ఒక వరస జారిపోతే, ఎందుకు జారిందో కూర్చుని చూసి తెలుసుకుంది. తర్వాత వచ్చిన ఐదుగురికీ ఆవిడే నేర్పింది. ఆ దిన్నె ఇంకా నిలబడి ఉందంటే సగం పుణ్యం ఆవిడ ఎడమచేతి వేళ్లదే. నీలం బోర్డు మీద ఈ మాట ఉండదనుకోండి.

ఆరేళ్ల కిందట నవంబరులో వారం రోజులు వదలకుండా వాన కురిసింది. తెరిపిచ్చిన శనివారం నాడు పిన్ని తూర్పు వైపు గడ్డి కోస్తుంటే కొడవలి దేనికో తగిలి కిర్రుమంది. మట్టి తుడిచి చూస్తే గుండ్రటి రాతి మూత. లేహ్యం సీసా మూతంత ఉంది. చుట్టూ తామరరేకులు చెక్కి ఉన్నాయి. అందులో ఒక రేకు మీద ఆవిడ కొడవలి గీసిన గాటు, ఏటవాలుగా, తెల్లగా. అయ్యో దెబ్బ తగిలిందే అని ఆవిడ ఆ గాటు మీద వేలు పెట్టి రుద్దిందట, చంటిబిడ్డకు రుద్దినట్టు.

వాచ్‌మన్ పెళ్లికని వేటపాలెం వెళ్లాడు. పురావస్తు శాఖ ఆఫీసరు వచ్చేది సోమవారం. మధ్యలో ఆదివారం. ఆ ఆదివారం మా గుడిలో కోతపండుగ.

ఇక్కడే పిన్ని తప్పు చేసింది. మావాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. కోతపండుగ నాడు ఎవరి చేతి కష్టంలో మొదటిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరికంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరిసెలు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెడతారు, వచ్చింది గుడికి పోతుంది. సెంటు పొలం లేని పిన్ని ఏటా గడ్డిమోపు తెచ్చేది, కుర్రకారు నవ్వేవాళ్లు. ఆ ఏడు ఆవిడకేం తోచిందంటే, నా చేతి కింద భూమి ఇచ్చినది ఇదే గదా, ముందు దేవుడికి చూపించి తర్వాత ప్రభుత్వానికి ఇద్దామని. తెల్ల రుమాలులో చుట్టి తెచ్చి గుమ్మడికాయల పక్కన పెట్టింది.

పాట పెట్టేది సంఘపెద్ద రాజారత్నం మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, గొంతు ఖంగుమంటుంది. గుమ్మడికాయలు అయ్యాక ఆయన చెయ్యి మూత మీద పడింది. పైకెత్తి, "ఇదిగో రాతి మూత, రేకుల పని! ఒక రేకు మీద గాటుంది, గాటుందని తగ్గించి పాడకండి!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరో పాడారు కూడా.

పిన్ని పరుగెత్తుకెళ్లి ఆయన చేతిలోంచి దాన్ని తీసేసుకుంది.

"అది పాటకు కాదండి మాస్టారూ. దేవుడికి చూపించడానికి తెచ్చానండి. గవర్నమెంటుది, రేపు ఆఫీసరుగారికి ఇచ్చెయ్యాలండి."

"బలిపీఠం ముందు పెట్టింది వెనక్కి తీసుకోవటం ఏంటి నాగమ్మా? ఎక్కడైనా ఉందా?" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు గానీ మొహం మాడింది. రెండొందల మంది ముందు ఒక గడ్డికోసే మనిషి తన చేతిలోది లాక్కుంది గదా.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. "శభాష్ నాగమ్మా" అన్నాడు. మూతను జేబురుమాల్లో చుట్టుకుని జీపెక్కాడు. కాగితం లేదు, సంతకం లేదు. నెల తిరక్కుండా బదిలీ అయిపోయాడు.

సరిగ్గా ఆ తర్వాతి వేసవిలోనే బాపట్లలో నర్సు ఉద్యోగం చేస్తున్న క్రిస్టినా తల్లి ఇంటికి రేకులు తీయించి స్లాబు వేయించింది. అంతే, ఊరికి ఇంకేం కావాలి? మూత అమ్ముకుందిట. హైదరాబాదు నుంచి కారు వచ్చిందట. దేవుడి ముందు పెట్టింది కూడా వెనక్కి తీసుకుని అమ్ముకుందిట. ఎవరన్నారని అడగండి, ఎవరూ చెప్పరు. 'అనుకుంటున్నారు' అంటారు. ఈ అనుకునేవాళ్లు ఎప్పుడూ ఎవరికీ కనబడరు.

పంతొమ్మిదేళ్లుగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారపు సామాను పిన్ని చేతిలో ఉండేది. ప్రతి నెలా మొదటి శనివారం వెండి గిన్నె, పళ్లెం చింతపండుతో తోమి, తెల్లగుడ్డ ఇస్త్రీ చేసి, ఆదివారం పొద్దున్నే బల్ల మీద సర్దేది. ఒక శనివారం వెళ్లేసరికి బీరువా తాళం మార్చి ఉంది. అడిగితే, "నీకు పెద్దతనం వస్తోంది గదమ్మా, విశ్రాంతి తీసుకో" అన్నారు. అప్పుడావిడకు యాభై రెండేళ్లు. దొంగవని మొహం మీద అని ఉంటే తిరిగి తిట్టేది. విశ్రాంతి తీసుకో అన్నదానికి ఏమని తిడుతుంది? నాకు ఫోనులో ఇది చెప్పినప్పుడు నేను కుడుతున్న మిషను ఆపి ఊళ్లోవాళ్లందరినీ పేరుపేరునా శపించాను. ఆవిడ మాత్రం, "నేనమ్మలేదని రుజువేది కరుణా?" అంది. అమ్మలేదని రుజువు ఎక్కణ్ణుంచి తెస్తారు ఎవరైనా?

ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగింది. "రికార్డు చూడాలి" అన్నారు. పాతికేళ్లు పనిచేసిన మనిషిని గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడారు.

రెండేళ్ల నుంచి ఒక ట్రావెల్స్ కంపెనీవాళ్లు ఆదివారాలు బస్సు తెస్తున్నారు. 'రాజధాని నుంచి బౌద్ధ పట్టణానికి ఒక్కరోజు యాత్ర, గైడుతో సహా.' పొద్దున విజయవాడలో బయల్దేరి, రాళ్లదిన్నె చూపించి, భోజనం పెట్టి, బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తారు. అప్పట్నుంచి ఆదివారాలూ పనే, పైగా బస్సు వచ్చినప్పుడల్లా కూలీలు పంపుషెడ్డు వెనక్కి వెళ్లి నిలబడాలి, ఫోటోల్లో పడతారని. కంచె తుడిచేది వాళ్లు, గెస్టులు కూర్చునే బెంచీ కడిగేది వాళ్లు, కనబడకూడనిదీ వాళ్లే. ఆ షెడ్డు వెనక నుంచి పిన్ని చెవిన ఒకరోజు 'తామరరేకుల మూత' అన్న మాట పడింది. పక్కన ఎవరో ప్యాసింజరు, "బస్సులో ఫోటో చూపించారు గదా, అదే" అన్నారు.

ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది.

"కరుణా, ఆ బస్సుకు నాకో టిక్కెట్టు తియ్యి. నేను విజయవాడ వెళ్లి ఎక్కుతాను."

"నీకేమన్నా పిచ్చా పిన్నీ? నీ ఇంటి ముందుకే గదా వచ్చేది."

"ఇంటి ముందుకు వచ్చేసరికి నేను షెడ్డు వెనక ఉంటాను. బస్సులో ఉంటే ఎవరూ వెళ్లమనరు."

రెండు టిక్కెట్లు తీశాను. తెనాలిలో ఎక్కుతాం, బస్సు మా మీదుగానే గదా వెళ్లేది అంటే కుదరదన్నారు, రాజధాని ప్యాకేజీ రాజధానిలోనే మొదలవ్వాలట. సరే, పిన్ని ముందురోజు రేపల్లె రైల్లో మా ఇంటికి వచ్చింది. పొద్దున్నే మొదటి రైలెక్కి విజయవాడ వెళ్లాం, అక్కడ బస్సెక్కి మళ్లీ తెనాలి వచ్చి ఇడ్లీ తిన్నాం. మా వీధి చివరే టిఫిన్ హోటలు. నాకు ఒళ్లు మండిపోయింది. పిన్ని మాత్రం గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, మెడలో ట్రావెల్స్‌వాళ్లు ప్యాసింజర్లకిచ్చిన పసుపు తాడు బిళ్ల వేసుకుని, కిటికీ పక్కన కదలకుండా కూర్చుంది.

గైడు పేరు మధుసూదన్. నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని, చేతిలో మైకు పట్టుకుని గలగలా మాట్లాడతాడు. వేమూరు దాటాక ఒక లామినేషన్ ఫోటో తీశాడు.

"ఇది రాళ్లదిన్నె గర్వకారణం అండి. మన రాజధాని నుంచి వెళ్లిన నిపుణుల బృందం ఎంతో శాస్త్రీయంగా సర్వే చేసి కనుక్కున్న తామరరేకుల మూత. ప్రస్తుతం మ్యూజియంలో భద్రంగా ఉంది. ఒక రేకు మీద ఏటవాలు గీత చూడండి. రెండువేల ఏళ్ల కిందటి శిల్పి తన గుర్తుగా చెక్కుకున్నదని పరిశోధకుల అభిప్రాయం. ఒకళ్ల తర్వాత ఒకళ్లు చూసి ఇవ్వండి."

ఫోటో సీటు సీటుకూ చేతులు మారి మా దగ్గరికి వచ్చింది. పిన్ని దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆ గాటు మీద వేలు పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, లేచి నిలబడింది.

"బాబూ, ఈ గీత శిల్పిది కాదు. నా కొడవలిది."

బస్సంతా నవ్వింది. మధుసూదన్ కూడా నవ్వి, "ప్రశ్నలు చివర్లో అమ్మా" అన్నాడు.

"ప్రశ్న కాదు బాబూ, చెప్తున్నాను. ఇది దొరికింది నాకు. బృందం ఎవరూ రాలేదు. ఆఫీసరుగారొచ్చి పట్టుకెళ్లారు."

"కూర్చోండి ఆంటీ, పడిపోతారు" అని వెనక నుంచి ఒకాయన. మళ్లీ నవ్వులు.

అప్పుడు నేను లేచాను. ఏమేమి అన్నానో అన్నీ రాయలేను. ఆ దిన్నె మీద ఒక్కరోజు ఎండలో కూర్చున్నవాళ్లు ఈ బస్సులో ఎవరైనా ఉన్నారా అన్నాను. ముప్ఫై ఏళ్లు ఇటుకలను కాపాడిన మనిషి మాట్లాడుతుంటే నవ్వటానికి నోరెలా వచ్చిందన్నాను. మధుసూదన్ మైకు కిందికి దించి, "నా సొంత మాట కాదండి, వాళ్లిచ్చిన కాగితంలో ఉన్నదే చెప్తున్నాను" అన్నాడు.

"కాగితం రాసినాయన ఎప్పుడైనా కొడవలి పట్టుకున్నాడా బాబూ?" అంది పిన్ని. "లోపలి రాయి తెల్లగా కనబడుతోంది చూడు. పాతదైతే అంత తెల్లగా ఉంటుందా?"

అతను ఫోటో తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. పిన్నికే తిరిగి ఇచ్చాడు. మైకు మళ్లీ ఎత్తలేదు.

శిల్పి గుర్తట! ఆ గాటు గురించి ఆలోచించటానికి ఓపిక ఉన్నవాళ్లకు, అది తెచ్చిచ్చినదెవరని ఒక్క వాక్యం రాయటానికి సిరా లేకపోయిందా? ఆ ఒక్క వాక్యం లేకనే గదా ఒక మనిషి ఆరేళ్లు దొంగగా బతికింది.

బస్సు దిన్నె దగ్గర ఆగింది. మిగిలిన ఐదుగురు కూలీలూ అప్పటికే పంపుషెడ్డు వైపు నడుస్తున్నారు. వాచ్‌మన్ పిన్నిని చూసి కంగారుగా వచ్చాడు.

"ఏంటి నాగమ్మా, ఇవాళ పనికి రాలేదు, ఇక్కడ నిలబడ్డావేంటి? గెస్టులొచ్చారు, అటెళ్లు."

పిన్ని మెడలో బిళ్ల చూపించింది. అతను దాన్ని చదివి, ఆవిడ మొహం చూసి, మళ్లీ బిళ్లను చదివాడు.

ఆవిడ దిన్నె ఎక్కలేదు. ఫోటో గుండెకు ఆనించుకుని పేట వైపు తిరిగి నడక మొదలుపెట్టింది. నేను వెనకే. "అమ్మా, అది కంపెనీ ఫోటో అమ్మా!" అంటూ మధుసూదన్ నా వెనక. ప్యాకేజీలో 'గ్రామ సందర్శన' అని ఉంది కాబట్టి ఇదేననుకుని నలభై మంది ప్యాసింజర్లు అతని వెనక, సెల్ఫోన్లు పట్టుకుని. ఆరాధన అప్పుడే అయింది. గుడి నుంచి ఇళ్లకు వస్తున్న జనం బైబిళ్లు చేత్తో పట్టుకుని దారికి అటూ ఇటూ ఆగిపోయారు.

రాజారత్నం మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంతమందిని చూసి లేచి కండువా సర్దుకున్నాడు. పిన్ని మెట్ల దగ్గర ఆగి ఫోటో అందించింది.

"ఇదేంటో చెప్పండి మాస్టారూ."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. చూశాడు. ఆయన మొహం మారటం మేమందరం చూశాం. ఆ గాటును చూసి నవ్వించింది ఆయనే గదా.

"మన మూత లాగే ఉందే" అన్నాడు.

"లాగే కాదండి. అదే. మ్యూజియంలో ఉందట. ఈ బాబు చెప్పాడు."

ఆయన మధుసూదన్ వైపు చూశాడు. మధుసూదన్, "అవునండి, ఆరేళ్ల నుంచి అక్కడే ఉంది" అన్నాడు.

"అయితే మంచిదే గదమ్మా" అన్నాడు మాస్టారు ఫోటో తిరిగి ఇస్తూ. "సంగతి తేలిపోయింది. ఇంకేంటి? లోపలికి రండి, అందరూ మంచినీళ్లు తాగండి."

మంచిదే గదమ్మా! నేను నోరు తెరిచాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ చెయ్యి రంపంలా గరుగ్గా ఉంది.

"మంచినీళ్లు తర్వాత తాగుతారండి. బాబూ, ఆ మైకు ఇటియ్యి."

మధుసూదన్ నడుముకున్న స్పీకరు విప్పి అరుగు మీద పెట్టి, మైకు ఆవిడ చేతికిచ్చాడు. అతని మీద ఉన్న కోపంలో సగం నేను అక్కడ వదిలేశాను. పిన్ని మైకును తన నోటి దగ్గర పెట్టుకోలేదు. మాస్టారి నోటి దగ్గర పెట్టింది.

"చెప్పండి."

"ఏం చెప్పాలి?" ఆయన గొంతు స్పీకరులోంచి రోడ్డు మీదికి వచ్చింది. ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"నేను మూత అమ్మానా అండి?"

"లేదు. అమ్మలేదు."

"ఎవరు అమ్మలేదండి?"

"నాగమ్మ. మన నాగమ్మ అమ్మలేదు. ఆఫీసరుకే ఇచ్చింది." కండువాతో నుదురు తుడుచుకున్నాడు. "చాలా అమ్మా?"

పిన్ని మైకు తీయలేదు. ముప్ఫై ఏళ్లు ఇటుక అంచు తగిలేదాకా కొడవలి ఆడించని మనిషి.

"మరి అమ్మిందని మొదట అన్నదెవరండి?"

దారి మీద జనం కదల్లేదు. ప్యాసింజర్లలో ఎవరో సెల్ఫోను దించేశారు. మాస్టారు పిన్ని వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, గేటు నిండా మనుషులే. అరుగు మీద స్పీకరు సన్నగా గుర్రుమంటోంది. పాట పెట్టే గొంతుతో కాదు, నేనెప్పుడూ వినని గొంతుతో అన్నాడు.

"నేనే."

పేటంతా వినపడింది.